ఆట రూల్సు మార్చేది ఎవరు? తయారుచేసినవాడా, ఆడేవాడా?

ఏ వస్తువు కనబడినా "దీన్ని ఎవరు చేశారు?" అని అడగడం మనిషికి అలవాటు. ప్రశ్నలో తప్పు లేదు. జవాబుగా ఒక్క పేరే కావాలని పట్టుబట్టడంలోనే ఉంది తంటా అంతా. చదరంగం ఎవరు కనిపెట్టారని అడిగితే రాజుగారి దగ్గర గళ్ళ లెక్కన ధాన్యపు గింజలు కోరుకున్న పండితుడి కథ చెబుతారు. వైకుంఠపాళి ఎవరు చేశారంటే 13వ శతాబ్దపు జ్ఞానదేవుడు అంటారు. ఋజువు ఏదండీ అంటే "పెద్దలు చెప్పారు" అన్నదే సమాధానం. దేవుడి విషయంలో వినే సమాధానమే ఆటల విషయంలోనూ వినాల్సి వస్తోంది.

ఈ మధ్య మా భిలాయ్‌లో ఇంజనీరింగ్ చదివే కుర్రాళ్ళు కొందరు ఇలాంటి విషయం మీదే గట్టిగా వాదించుకుంటుంటే విన్నాను. వాళ్ళ వాదన డంజియన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఆట గురించి. తెలియనివారికి రెండు ముక్కల్లో చెబుతాను. నలుగురైదుగురు బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకరు కథ నడుపుతారు, మిగిలినవాళ్ళు తలో పాత్ర తీసుకుంటారు. "తలుపు బద్దలు కొడతాను", "కాపలావాడికి లంచం ఇస్తాను" అని ఆటగాడు చెబితే, అది కుదిరిందో లేదో పాచిక వేసి తేలుస్తారు. రోల్‌ప్లేయింగ్ ఆటలంటే ఇవే. ఈ ఆట 50 ఏళ్ళలో బాగా మారిపోయింది. ఆ మార్పులు తెచ్చింది పుస్తకాలు రాసిన డిజైనర్లా, బల్ల దగ్గర కూర్చుని ఆడినవాళ్ళా? అదీ వాళ్ళ తగువు.

పిల్లల ఆటల గోల మనకెందుకు అనుకోకండి. నియమాలు ఎక్కడి నుంచి పుడతాయి, వాటిని మార్చే హక్కు ఎవరిది అన్నది ఆటతో ఆగిపోయే ప్రశ్న కాదు.

ముందు మన ఇళ్ళలోని ఆటే తీసుకుందాం. మా ఊళ్ళో ఉక్కు కర్మాగారం కోసం సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది 1955లో. మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ 1959 ఫిబ్రవరిలో ప్రారంభమైంది. పని వెతుక్కుంటూ దేశం నలుమూలల నుంచీ జనం వచ్చారు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం వైపు నుంచి వచ్చిన తెలుగు కుటుంబాలూ వాటిలో చాలా ఉన్నాయి. వాళ్ళు బియ్యం మూటతోనూ, ఊరగాయ జాడీతోనూ పాటు అష్టాచమ్మా కూడా తెచ్చుకున్నారు. దానికి సామాను అక్కర్లేదు కదా. నేల మీద సుద్దముక్కతో 5 అడ్డం, 5 నిలువు గళ్ళు గీస్తే చాలు. గవ్వలు లేకపోతే చింతపిక్కలు ఒక పక్క అరగదీస్తే సరిపోతుంది.

సెక్టారు క్వార్టర్లలో పక్కపక్కన చేరిన ఇద్దరు తెలుగు ఆడవాళ్ళు ఆటకి కూర్చుంటే మొదట వచ్చేది పందెం కాదు, వాదం. నాలుగు గవ్వలూ వెల్లకిలా పడితే చమ్మ, నాలుగూ బోర్లా పడితే అష్ట. ఇంతవరకూ గొడవ లేదు. తర్వాత మొదలవుతుంది. అవతలివాళ్ళ కాయని ఒక్కదాన్నైనా చంపకుండా లోపలి గళ్ళలోకి వెళ్ళొచ్చా, వెళ్ళకూడదా? ఒకే గడిలో రెండు కాయలు జతగా ఉంటే వాటిని ఒంటి కాయ చంపగలదా? వరసగా మూడుసార్లు పెద్ద పందెం పడితే అది చెల్లుతుందా, మురిగిపోతుందా? "మా ఊళ్ళో అంతే" అంటుంది ఒకామె. "మా ఊళ్ళో అలా కాదమ్మా" అంటుంది రెండో ఆమె. ఇద్దరివీ ఊళ్ళే, ఇద్దరికీ నేర్పింది అమ్మమ్మలే. ఇందులో ఏ అమ్మమ్మ సరైనదో తేల్చడానికి మూలగ్రంథం లేదు. కాబట్టి మాట్లాడుకుని ఒక ఒప్పందానికి రావలసిందే. వచ్చాక ఆ వాకిట్లో ఆడే రూలు ఇద్దరి ఊళ్ళదీ కాని కొత్త రూలవుతుంది. అష్టాచమ్మాకి డిజైనరు ఎవరని అడిగితే, అలా వాదించుకున్న ఆడవాళ్ళంతా అని చెప్పాలి.

"అది జానపదుల ఆట, పేరున్న డిజైనరు లేడు కాబట్టి అలాగే ఉంటుంది. అచ్చయిన పుస్తకంతో వచ్చిన ఆట సంగతి వేరు" అంటారా? సరే, డంజియన్స్ అండ్ డ్రాగన్స్ చరిత్రే చూద్దాం. ఇది 1974లో అమెరికాలో అచ్చయింది. పెట్టె మీద పేర్లు గేరీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్. సృష్టికర్తలు దొరికినట్టే ఉంది. కానీ కొంచెం వెనక్కి వెళ్ళండి. వీళ్ళిద్దరూ అప్పటికే బొమ్మ సైన్యాలతో యుద్ధాల ఆటలాడే ఆటగాళ్ళు. 1969లో వీళ్ళ పరిచయస్తుల బృందంలోనే డేవిడ్ వెస్లీ అనే ఆయన ఒక ఆట నడిపాడు. అందులో సైన్యాలకు బదులు ఒక్కొక్కరికి ఒక్కో మనిషి పాత్ర ఇచ్చాడు. ఆటగాళ్ళు ఆయన అనుకున్న దారిలో నడవలేదు. అడగని పనులు చేస్తామన్నారు, ఒకరితో ఒకరు రహస్య మంతనాలు జరిపారు. ఆట చెడిపోయిందని వెస్లీ అనుకుంటే, ఆడినవాళ్ళు మళ్ళీ ఎప్పుడు ఆడదామని వెంటపడ్డారు. ఆ ఆటగాళ్ళలో ఒకడు ఆర్నెసన్. డిజైనర్ దృష్టిలో చెడిపోయినదే, ఆటగాళ్ళ దృష్టిలో కొత్త ఆటకి పుట్టుక అయింది.

అచ్చయిన తర్వాతా అదే కథ. మొదటి పెట్టెలో పాత్రలు మూడే రకాలు: యోధుడు, మాంత్రికుడు, పూజారి. ఈనాడు అందరికీ తెలిసిన దొంగ పాత్ర అందులో లేదు. కాలిఫోర్నియాలో శాంటా మోనికాలోని ఒక కొట్టు దగ్గర చేరి ఆడుకునేవాళ్ళు తాళాలు తీయడానికీ, ఉచ్చులు కనిపెట్టడానికీ ఒక మనిషి కావాలని ఆ పాత్రను కల్పించుకున్నారు. ఆ సంగతి గైగాక్స్ చెవిన పడింది. తనదైన పద్ధతిలో రాసి 1975లో వచ్చిన అనుబంధ పుస్తకంలో చేర్చాడు.

ఇంకో ఉదాహరణ దీనికన్నా బలమైనది. 20 ముఖాల పాచిక మీద 20 పడితే దెబ్బ మామూలు కంటే గట్టిగా తగలాలని ఆటగాళ్ళు చాలామంది సొంతంగా రూలు పెట్టుకున్నారు. గైగాక్స్‌కి ఇది నచ్చలేదు. 1979లో రాసిన పుస్తకంలో దీన్ని వద్దన్నాడు. శత్రువులకీ ఇదే రూలు వర్తిస్తే ముందు చచ్చేది ఆటగాళ్ళ పాత్రలే అని ఆయన వాదన. చెడ్డ వాదనేమీ కాదు. అయినా జనం మానలేదు. 1989 నాటి రెండో ఎడిషన్లో అది "కావాలంటే వాడుకోండి" అన్న రూలుగా దూరింది. 2000లో మూడో ఎడిషన్ వచ్చేసరికి అసలు రూల్లోనే కూర్చుంది. రాసినవాడు వద్దన్నది, ఆడేవాళ్ళు కావాలన్నది, చివరికి పుస్తకంలో మిగిలింది ఏదో చూశారుగా.

ఇక్కడితో ఆపేసి "మార్పులన్నీ ఆటగాళ్ళవే" అని తీర్పు ఇస్తే చప్పట్లు పడతాయి. కానీ మనకి అనుకూలమైన ఉదాహరణలు మాత్రమే ఏరుకోవడం జ్యోతిష్కుల పద్ధతి. ఫలించిన జోస్యాలు చెబుతారు, ఫలించనివి మింగేస్తారు. రెండో వైపూ చూడాలి.

పైన చెప్పిన మూడో ఎడిషన్లోనే ఒక పెద్ద మార్పు వచ్చింది. అంతకు ముందు ఒక్కో పనికి ఒక్కో రకం లెక్క. ఒకచోట ఎక్కువ పడితే మంచిది, ఇంకోచోట తక్కువ పడితే మంచిది. వాటన్నిటినీ కలిపి, 20 ముఖాల పాచిక వేసి సంఖ్య కలుపు, ఎక్కువైతే గెలుపు అనే ఒకే సూత్రం కింద పెట్టారు. ఇది ఏ ఒక్క బల్ల దగ్గరా జరిగే పని కాదు. మొత్తం నిర్మాణాన్ని ఒకేసారి చూసే మనిషి కావాలి. అదే డిజైనరు పని. ఇల్లు కట్టుకున్నవాడు కిటికీ ఎక్కడ కావాలో చెప్పగలడు. దూలం ఎంత బరువు మోస్తుందో మేస్త్రీయే చెప్పాలి.

అయితే డిజైనరు ఎంత తెలివిగా చేసినా ఆఖరి మాట ఆయనది కాదు. 2008లో నాలుగో ఎడిషన్ తెచ్చారు. లెక్క ప్రకారం చక్కగా అమర్చిన ఆటే. చాలామంది ఆటగాళ్ళు "ఇది మా ఆట కాదు" అన్నారు. పాత ఎడిషన్ రూల్సు వాడుకునే లైసెన్సు అప్పటికే ఉండడంతో పైజో అనే మరో సంస్థ వాటినే సరిచేసి 2009లో పాత్‌ఫైండర్ పేరుతో వేసింది. జనం అటు వెళ్ళారు. తరువాత ఎడిషన్ తయారుచేసేటప్పుడు అసలు కంపెనీ బుద్ధిగా 2012 నుంచి ముసాయిదాలు జనం ముందు పెట్టి, ఆడి చూడమని అడిగి, లక్షమందికి పైగా చేత పరీక్ష చేయించుకుని 2014లో అయిదో ఎడిషన్ తెచ్చింది.

కాబట్టి నాకు తోచిన జవాబు ఇది. మార్పు మూడు మెట్లలో జరుగుతుంది. మొదట, వందల బల్లల దగ్గర వందల రకాల చిన్న చిన్న తేడాలు పుడతాయి. ఇది ఆటగాళ్ళ పని. రెండు, వాటిలో కొన్నిటిని ఏరి, ఒకదానితో ఒకటి కొట్టుకోకుండా అమర్చి, రాతలో పెట్టడం. ఇది డిజైనరు పని. రాతలో పెట్టకపోతే ఎంత మంచి రూలైనా ఆ బల్లతోనే పోతుంది. మూడు, రాసినదాన్ని మళ్ళీ ఆడి చూసి ఉంచడమో, తీసిపారేయడమో. ఇది మళ్ళీ ఆటగాళ్ళ పని. మూడింట రెండు మెట్లు ఆడేవాళ్ళ చేతిలో ఉన్నాయి. పెట్టె మీద పేరు మాత్రం మధ్య మెట్టు మీద నిలబడ్డవాడిది.

ఇది వింటే డార్విన్ గుర్తొస్తాడు. తేడాలు పుట్టడం, వాటిలో కొన్ని నిలవడం. పోలిక బాగుంది కానీ సాగదీయకూడదు. ప్రకృతిలో వచ్చే తేడాలకి ఉద్దేశం ఉండదు. ఆటగాడు రూలు మార్చేది ఏదో ఒక ఇబ్బంది తీర్చుకోవడానికే. పోలిక ఒక్క విషయంలో మాత్రం గట్టిగా నిలుస్తుంది. ఇంత చక్కని అమరిక ఉంది కాబట్టి దాని వెనక ముందే అంతా ఆలోచించిన ఒక్క బుర్ర ఉండి తీరాలి అనే వాదం ఇక్కడా నిలబడదు, అక్కడా నిలబడదు.

మరి అన్ని ఆటల్లోనూ ఆటగాళ్ళే మార్పు తెస్తారా? లేదు. వైకుంఠపాళి చూడండి. అందులో ఆటగాడు చేసే నిర్ణయం ఒక్కటీ లేదు. పాచిక వేయడం, పడినన్ని గళ్ళు జరగడం, నిచ్చెన వస్తే ఎక్కడం, పాము వస్తే దిగడం. కర్మ సిద్ధాంతాన్ని నేర్పడానికి ఇంతకంటే మంచి బొమ్మ దొరకదు. మంచి పని, చెడ్డ పని అని గళ్ళకి పేర్లు పెడతారు గానీ ఆ పని చేయాలా వద్దా అని నిన్ను అడగరు! అందుకే ఆ ఆటలో మార్పులన్నీ పటం గీసినవాళ్ళే తెచ్చారు. జైనులు వాళ్ళ లోకాలు గీసుకున్నారు, వైష్ణవులు వైకుంఠం పెట్టుకున్నారు, సూఫీలు వాళ్ళ మార్గం రాసుకున్నారు. గళ్ళు కూడా ఒకచోట 72, ఒకచోట 84, ఇంకోచోట 100 పైన. 1890ల్లో ఇంగ్లండు వెళ్ళాక పుణ్యాల స్థానంలో పొదుపు, కష్టపడటం లాంటి విక్టోరియా కాలపు సుగుణాలు వచ్చాయి. ఆడే పిల్లవాడికి వాటా లేదు.

దీన్నిబట్టి ఒక సూత్రం చెప్పుకోవచ్చు. ఆటలో ఆటగాడికి ఎంత నిర్ణయం ఉంటే, ఆట మార్పులో అతనికి అంత వాటా ఉంటుంది. వైకుంఠపాళిలో సున్నా. అష్టాచమ్మాలో ఏ కాయ జరపాలో మనమే ఎంచుకుంటాం కాబట్టి కొంత. పేకాటలో ఇంకా ఎక్కువ. నోటితో ఏ పనైనా చేస్తానని చెప్పగలిగే రోల్‌ప్లేయింగ్ ఆటలో అన్నిటికన్నా ఎక్కువ.

పేకాట అన్నాను కాబట్టి అసలు ప్రమాదం దగ్గరికి వద్దాం. 13 ముక్కల రమ్మీకి డిజైనరు లేడు. జోకరు ఎలా లెక్కపెట్టాలి, మొదటే ఆట వదిలేస్తే ఎన్ని పాయింట్లు పడాలి అన్నవి ఆడేవాళ్ళు ఆడుతూ పెట్టుకున్నవే. సికింద్రాబాదులోని ఒక క్లబ్బు మీద ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నడిపిన కేసులో 1967లో సుప్రీంకోర్టు రమ్మీ ప్రధానంగా నేర్పుతో ఆడే ఆట అని చెప్పింది. పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది వదలాలో తెలియాలి అని. తరువాత అదే ఆట ఫోన్లలోకి వచ్చింది. కంపెనీలు ఆ తీర్పునే గొడుగుగా పట్టుకున్నాయి. కానీ ఒక తేడా ఉంది. చాప మీద ఆడేటప్పుడు అనుమానం వస్తే ముక్కలు కింద పెట్టి "ఆగండి, ఇదేం రూలు?" అనొచ్చు. ఎవరు కలుపుతున్నారో కళ్ళారా చూడొచ్చు. ఫోన్లో రూలు పెట్టేదీ, ముక్కలు కలిపేదీ, కమీషన్ తీసుకునేదీ ఒక్కరే. ఆటగాడు ఎన్ని ముక్కలు గుర్తుపెట్టుకున్నా, ఆటను మార్చే శక్తి మాత్రం పోయింది. తెలుగు రాష్ట్రాల్లో ఎన్నో కుటుంబాలు అప్పులపాలయ్యాయి. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధం తెచ్చాయి. 2025 ఆగస్టులో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ పార్లమెంటు చట్టం చేసింది. నిషేధం మంచిదా కాదా అన్నది వేరే చర్చ. నేను చెప్పేది, నియమం మార్చగల చెయ్యి ఆడేవాడి దగ్గర నుంచి యజమాని దగ్గరికి పోయినప్పుడు ఆట స్వభావమే మారిపోతుందని.

డంజియన్స్ అండ్ డ్రాగన్స్ విషయంలోనూ ఇలాంటి ప్రయత్నం జరిగింది. 2000 నుంచి ఆ రూల్సు వాడుకుని ఎవరైనా సొంత పుస్తకాలు వేసుకునేలా ఉన్న లైసెన్సును బిగించాలని 2023 జనవరిలో కంపెనీ చూసింది. ముసాయిదా బయటపడింది. ఆటగాళ్ళు చందాలు రద్దు చేసుకున్నారు. కంపెనీ అభిప్రాయం అడిగితే 15 వేలమందికి పైగా స్పందించారు. జనవరి 27న కంపెనీ వెనక్కి తగ్గడమే కాదు, మూల నియమాల పాఠాన్ని ఎవరూ తిరిగి లాక్కోలేని ఉమ్మడి లైసెన్సు కింద వదిలేసింది. ఆడేవాళ్ళు గెలిచారు. కారణం వాళ్ళు మంచివాళ్ళని కాదు. ఆ ఆట బల్ల దగ్గర వాళ్ళు లేకుండా నడవదు కాబట్టి.

ఈ విషయం మా భిలాయ్ వాళ్ళకి ఒకరు చెప్పనక్కర్లేదు. ప్లాంటు నక్షా గీసింది సోవియట్ ఇంజనీర్లు. రోజూ మూడు షిఫ్టుల్లో దాన్ని నడిపేది ఇక్కడి కార్మికులు. ఎక్కడ బిగుసుకుంటుందో, ఎక్కడ చెయ్యి కాలుతుందో నక్షాలో ఉండదు, పనిచేసేవాడికే తెలుస్తుంది. అందుకే కార్మికుల సూచనలకి ప్రత్యేకంగా పథకాలు ఉన్నాయి. పనిలో మెరుగుదల సూచించిన కార్మికులకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే పురస్కారాలు భిలాయ్ వాళ్ళు ఎన్నోసార్లు అందుకున్నారు. ఆ పురస్కారం పేరేమిటో తెలుసా? విశ్వకర్మ రాష్ట్రీయ పురస్కారం! పేరు దేవలోకపు డిజైనరుది, ఇచ్చేది చేతికి గ్రీజు అంటిన మనిషికి. ఏటా సెప్టెంబరు 17న షాపుల్లో విశ్వకర్మ పటానికి దండ వేసే మిత్రులు ఒక్క నిమిషం ఈ సంగతి ఆలోచించాలని మనవి.

ఇక అసలు విషయం. అష్టాచమ్మాలో "మా ఊళ్ళో అంతే" అన్న మాట వాదన కాదని క్వార్టర్లలోని ఆడవాళ్ళు ఎప్పుడో తెలుసుకున్నారు. అదే ఆడవాళ్ళని పెళ్ళిలో భర్త పోయిన అక్కగారిని పీటల దగ్గరికి ఎందుకు రానివ్వరని అడగండి. "అది మన ఆచారం, మనం పెట్టిందా మార్చడానికి?" అంటారు. ముట్టు రోజుల్లో ఆడపిల్లని దూరంగా ఎందుకు కూర్చోబెడతారు, పక్క కులం వాళ్ళకి గ్లాసు వేరేగా ఎందుకు పెడతారు అని అడగండి. అదే జవాబు. ఆచారం కూడా ఎవరో ఒక ఊళ్ళో, ఏదో ఒక కాలంలో, అప్పటి బలవంతులు తమకి అనుకూలంగా పెట్టుకున్న రూలే. గవ్వల ఆటలో మార్చగలిగిన చెయ్యి ఇక్కడ ఎందుకు ఆగుతోంది? ఇక్కడ పటం గీసినవాడు దేవుడని నమ్మించారు కాబట్టి. అష్టాచమ్మాని వైకుంఠపాళిగా మార్చేశారు కాబట్టి.

"అయితే ఎవరికి తోచినట్టు వాళ్ళు రూల్సు మార్చుకుంటే అరాచకం కాదా?" అని అడిగేవారికి జవాబు ఆటలోనే ఉంది. ఓడిపోతున్నవాడు మధ్యలో రూలు మారుస్తానంటే ఎవరూ ఒప్పుకోరు. మార్చాలంటే అందరికీ ముందే చెప్పాలి, అందరికీ ఒకేలా వర్తించాలి, ఆడి చూశాక బాగోకపోతే తీసేయాలి. ఈ మూడు షరతులూ పాటిస్తే అది అరాచకం కాదు, ప్రజాస్వామ్యం. మూడోది సైన్సు కూడా. పైగా మన ఆచారాల్లో చాలావాటిని ఇదే మూడు షరతుల ముందు నిలబెట్టి చూడండి. భార్య పోయిన బావగారు పీటల దగ్గరికి రావొచ్చు, భర్త పోయిన అక్కగారు రాకూడదు అన్న రూలు రెండో షరతు దగ్గరే పడిపోతుంది.

తల్లిదండ్రులకి ఒక సూచన. ఈ సెలవుల్లో పిల్లల చేతిలో ఫోను ఒక గంట పక్కన పెట్టించి అష్టాచమ్మా గీయండి. మూడు ఆటలు మామూలుగా ఆడాక, ఒక రూలు మార్చమని వాళ్ళకే చెప్పండి. ఎందుకు మార్చారో అడగండి. కొత్త రూలుతో మరో మూడు ఆటలు ఆడి, ఉంచాలో తీసేయాలో చేతులెత్తి తేల్చమనండి. ఓటులో మీదీ ఒక్క చెయ్యే అని గుర్తుంచుకోండి. నియమం మనిషే చేశాడని, మనిషే మార్చగలడని, మార్చేముందు పరీక్షించాలని అలా నేర్చుకున్న పిల్ల, రేపు ఎవరైనా "అది అంతే" అన్నప్పుడు ఊరుకోదు. "ఎవరు పెట్టారు? ఎందుకు?" అని అడుగుతుంది.